పేజీ ఎగిరిపోయింది

సూరత్ ఉధనాలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న విజయశ్రీ ల్యాప్‌టాప్ సంచిని ఒళ్లోనే పెట్టుకుంది. అందులో ఒక సవరణ ఉంది. కోడ్‌లో ఒక్క వరుస. దాన్ని పల్సానా మిల్లు వాడే పేజీలోకి ఎక్కిస్తే ఆ మిల్లు గోదాంలో స్కానర్ పట్టుకుని కూర్చునే నరహరి కష్టం తీరుతుంది. కష్టం తీరితే అతను ఫోన్ చేయడు. దసరా ముందు నుంచి రోజూ చేస్తున్నాడు, పొద్దున మగ్గాల కార్ఖానాల నుంచి బట్ట దిగే వేళకు, ఆదివారం తప్ప. కండక్టర్ వచ్చి ఎక్కడికన్నాడు. సచిన్ అంది. అక్కడ దిగి పల్సానా బస్సు పట్టాలి. మొత్తం గంట ప్రయాణం. ఈ గంట అయిపోతే ఒకటి జరుగుతుంది, ఒకటి ఆగిపోతుంది. నరహరిని మొదటిసారి చూస్తుంది, చూసిన రోజే అతను ఫోన్ చేయాల్సిన పని లేకుండా చేసి వస్తుంది. అసలు వెళ్లనక్కర్లేదు. ఈ సవరణ ఆఫీసులో కుర్చీలో కూర్చుని పంపొచ్చు, ఇంట్లో చాప మీద కూర్చునీ పంపొచ్చు. ఆ సంగతి ధర్మేశ్‌భాయ్‌కి తెలియదు. ఆఫీసు ఆయనదే అయినా ఆయన అమ్మకాలు చూస్తాడు, కోడ్ చూడడు. మిల్లువాళ్లు కోప్పడుతున్నారు, నువ్వే వెళ్లి ఆ మిషన్ సంగతేంటో చూసి రా అన్నాడు. ఆమె సరే అంది. మిషన్‌లో తప్పేమీ లేదని అనలేదు.

బస్సు పాండేసర దగ్గర నెమ్మదించింది. షిఫ్టు దిగినవాళ్లు రోడ్డు దాటుతున్నారు, సైకిళ్లు నడిపించుకుంటూ కొందరు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బాలతో కొందరు. వాళ్లలో నాన్న ఉంటాడేమోనని చూసింది. ఉండడు, ఆయనది ఈ వారం వేరే పాళీ, అయినా ఈ రోడ్డు మీద వెళ్తే చూడడం చిన్నప్పటి అలవాటు. నాన్న బిక్షపతి ఆమె పుట్టకముందు నుంచీ ఇక్కడ మగ్గాలు నడుపుతున్నాడు. మగ్గాల మధ్య మాట వినబడదు. పెదవులు చూసి అర్థం చేసుకుంటారు, చేత్తో చెప్పుకుంటారు, లేదా చెవి దగ్గర నోరుపెట్టి అరుస్తారు. ఏళ్లు గడిచి ఆయన చెవులు సగం పోయాయి, ఇంట్లో కూడా అరిచే మాట్లాడతాడు, ఆయనకు వినబడాలని అమ్మ అరుస్తుంది, వాళ్లిద్దరి మధ్య పెరిగిన విజయశ్రీ కాలేజీలో చేరాకగానీ మాటను మెల్లగా కూడా చెప్పొచ్చని తెలుసుకోలేదు. ‘ఉప్పు తక్కువైంది’ అన్నా గల్లీ మొత్తానికి వినబడే ఇల్లు అది. నరహరి మొదటి ఫోన్ వచ్చిన రోజు ఆమె అందుకే వెంటనే బదులు చెప్పలేదు. గోదాంలో నేల నుంచి కప్పుదాకా బట్ట బేళ్లు ఉంటాయి, బట్ట చప్పుడును మింగేస్తుంది. ఆ బేళ్ల నడుమ నుంచి వచ్చిన గొంతు పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంది. ఒక మగమనిషి, తెలుగులో, అరవకుండా.

“మేడం, ఎగిరిపోయింది.”

“ఏది?”

“ఏదేంది, పేజీ. ఒక్క తాకా సదివిందో లేదో బుర్రుమన్నది. పిట్టనన్నా పట్టుకోవచ్చు గాని గీ పేజీని పట్టుకునుడు నాతోని కాదు.”

తాకా అంటే మగ్గం మీంచి కోసిన బట్ట చుట్ట, ఒక్కోదానికి ఒక్కో బార్‌కోడ్ చీటీ. ఒక టెంపోలో వచ్చిన తాకాలన్నీ ఒక్క చలానులో ఎక్కాలి. ఆమె చేసిన ఫారంలో వరుసగా గడులున్నాయి, గడికో తాకా. ఆఫీసులో ఆమె చేత్తో అంకెలు కొట్టి, ట్యాబ్ మీటతో గడి నుంచి గడికి దిగి చూసింది. బాగానే నడిచింది. స్కానర్‌తో చూడలేదు. స్కానర్ అంకెలు చదివాక చివర తనే ఎంటర్ నొక్కుతుంది, డబ్బాలోంచి తీసినప్పుడే దానికి ఆ అలవాటు ఉంటుంది. బ్రౌజర్‌కు ఇంకో అలవాటు. ఫారంలో ఏ గడిలో ఎంటర్ నొక్కినా, మిగతావి నిండాయా ఖాళీగా ఉన్నాయా అని అడగదు, ఫారం పంపేసి పేజీని కొత్తగా తెస్తుంది. పంపమని ఎవరూ రాయనక్కర్లేదు. వద్దని రాయాలి. రాయకపోతే పంపడమే. పేజీలు కట్టడానికి వాడే కొన్ని ఫ్రేమ్‌వర్కులు ఆ వద్దనే మాట మన తరఫున తామే అంటాయి, కొన్ని మనకు వదిలేస్తాయి. ఆమె ఆఫీసులో వాడేది వదిలేసే రకం, ఆమె మరిచింది. రెండు అలవాట్లూ గోదాంలో ఒక బల్ల మీద కలుసుకున్నాయి. మొదటి తాకా చదవగానే చలాను పోతుంది, ఒక్క తాకాతో, ముందు ఖాళీ పేజీ నిలబడుతుంది.

వేరేవాళ్లయితే రెండో తాకా తీసుకునేవాళ్లు. అప్పుడు తాకాకో చలాను పడేది, లెక్క తేడా రాకపోయేది, ఎవరూ పట్టించుకోకపోయేవాళ్లేమో. నరహరి మొదట పాండేసరలో మగ్గాలు నడిపినవాడు. మగ్గం మీద పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగుతుంది. తెగిన చోటు వెతికి, ముడేసి, అక్కడి నుంచే మళ్లీ నడపాలి, ముందుకు పోతే బట్టలో గీత పడుతుంది. పేజీ ఖాళీ అయితే అతను పోగు తెగిందనుకున్నాడు. మళ్లీ మొదటి తాకాయే చదివించాడు. మళ్లీ పోయింది. మళ్లీ. గోదాంలో ఒకటే ఉన్న తాకా కంప్యూటర్ లెక్కలో ఆరేడు సార్లు వచ్చినట్టు పడింది. ఆఫీసు నంబరుకు చేశాడు. ఎవరో హిందీలో ఎత్తారు, ఇతని హిందీ విని ‘అరే విజయా, తేరా ఆద్మీ’ అని ఫోన్ ఇచ్చారు. నీ మనిషి అన్నా నీ ఊరివాడు అనే అర్థంలోనే అన్నారు. ఆమె ఆ మాటను చాలా రోజులు దగ్గర పెట్టుకుంది.

ఆ రోజు ఆమె తన వైపు నుంచి ఆ చలాన్లు తీసేసింది. టెంపో నిలబడి ఉంది, వేరే దారి తోచక, చీటీల మీది అంకెలు చదవండి, నేనే ఎక్కిస్తాను అంది. అతను చదివాడు. చదవడం ఆ రోజుతో ఆగలేదు. రోజూ ఒక టెంపోకు స్కానర్‌తో ప్రయత్నించడం, పేజీ ఎగిరిపోవడం, ఫోన్, ఆమె తప్పు చలాన్లు తీసేయడం, అంకెలు. ఏడో తరగతిదాకా మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివి తర్వాత గుజరాతీలో పడ్డ విజయశ్రీకి తెలుగు అంకెలు ముప్పై దాటితే తడబాటు. అతను డెబ్బై నాలుగు అంటే లోపల గుజరాతీలో చుమ్మోతేర్ అనుకుని కొట్టేది. ఒకసారి అరవై ఏడుకు బదులు డెబ్బై ఏడు కొట్టింది. “మేడం, మీ తెలుగు జర తాపీ నది నీళ్లు తాగిందిలే” అన్నాడు. ఆమె మీరు అంటే ఒప్పుకోలేదు. “నన్ను మీరు అనకుండ్రి, నా ఎనుక ఇంకెవడన్న నిలవడ్డడేమో అని తిరిగి చూస్తున్న” అన్నాడు. అప్పటి నుంచి నువ్వు. సూరత్‌లో తెలుగు మగవాళ్లందరినీ ఆమె అన్నా అంటుంది, లేదా కాకా అంటుంది. ఇతన్ని ఏమీ అనలేదు. మొదటి రోజు నోటిదాకా వచ్చిన అన్నా వెనక్కి పోయింది, ఎందుకు పోయిందో ఆమె తనను తాను అడగలేదు.

కారణం దొరకడానికి ఆమెకు ఒక్క సాయంత్రం పట్టింది. ఆఫీసులో మూలన పడి ఉన్న స్కానర్ తెచ్చి సబ్బు పెట్టె మీది బార్‌కోడ్ చదివించింది. పేజీ ఎగిరిపోయింది. అది చూసి నవ్వింది, అతని మాటే గుర్తొచ్చింది కాబట్టి. స్కానర్ గడిలో ఎంటర్ పడితే ఫారం పంపొద్దు, కింది గడికి దిగు అని రాసింది. మళ్లీ చదివించింది. పేజీ కదల్లేదు. గడులు ఒకటొకటే నిండాయి. ఇక పంపడమే. చేయి మీట మీద ఉంది. రేపు పొద్దున అని లేచింది. రేపు పొద్దున అతను ఫోన్ చేసి, ఇయ్యాల మొగులైంది మేడం, మా దిక్కు గిట్ల మొగులైతే మా అవ్వ దండెం మీది బట్టలు తియ్యడానికి నన్ను ఉరికిచ్చేది అన్నాడు. మొగులు అంటే మబ్బు అని ఆమె మధ్యాహ్నం అమ్మను అడిగి తెలుసుకుంది. అమ్మ భూదేవి అటువైపు మనిషే, సిరిసిల్ల పక్క, ఆమె కూడా మబ్బే అంటుంది ఇప్పుడు, లేదా బాదల్. ఆ మాట మరిచిపోయి శాన ఏండ్లాయె, ఎవరన్నరు నీతోని అంది. ఆ వారం సవరణ పంపలేదు. తర్వాతి వెర్షన్‌తో కలిపి పంపుదామని తనకు తాను చెప్పుకుంది. తర్వాతి వెర్షన్ దీపావళికి అన్నారు, దీపావళి తర్వాత అన్నారు. దాన్ని వెనక్కి నెట్టింది ఆమె ఒక్కతే కాదు, కానీ నెట్టిన ప్రతిసారీ ఆమెకు హాయిగా ఉంది.

బస్సు భేస్తాన్ దాటింది. కిటికీలోంచి రంగుల మిల్లుల పొగ, ఆ వాసన. వాట్సాప్ తెరిచి నరహరి బొమ్మ చూసింది. అందులో అతను లేడు. ఒక ముసలామె చేను గట్టు మీద కొంగు సర్దుకుంటూ నిలబడింది, వెంకటవ్వ, అతని తల్లి. కొడుకు ఫోన్ చేస్తే ఎత్తడం ఇంకా రాక చెవికి తలకిందులుగా పెట్టుకుంటుందట. ఆమె ముక్కుపుడక ఏ వైపుందో విజయశ్రీకి తెలుసు. కొడుకు ముఖం తెలియదు. గొంతును బట్టి ఒక ముఖం కట్టుకుంది, మరునాటికి అది నిలవలేదు, ఇంకొకటి కట్టుకుంది. సన్నగా ఉంటాడనుకుంది, తర్వాత కాదనుకుంది. ఆదివారాలు ఫోన్ ఉండదు. ఆదివారం పొద్దున ఆమె ఫోన్ ఎక్కడుందో రెండుసార్లు చూసుకుంటుంది. మొన్న ఆదివారం అమ్మ బియ్యం ఏరుతూ, ఇంటి అలవాటు ప్రకారం గట్టిగా, “ఏం బిడ్డా, నీ మిల్లాయన ఇయ్యాల చెయ్యలేదా?” అంది. నాన్న తలెత్తి, “ఎవలూ? మిల్లా? ఏ మిల్లు?” అన్నాడు. గల్లీ విన్నది. విజయశ్రీ లోపలికి వెళ్లి గిన్నెలు తోమింది, తోమిన గిన్నెలే. సిగ్గుకంటే మిల్లాయన అనే మాట ఎక్కువసేపు ఉంది.

సచిన్ ఇంకా రాలేదు, ధర్మేశ్‌భాయ్ ఫోన్ వచ్చింది. ఎక్కడిదాకా వెళ్లావని అడిగి, మిల్లు సూపర్‌వైజర్ ఇప్పుడే మాట్లాడాడని చెప్పాడు. తప్పు ఆ ఆపరేటర్‌దేనంట, ఏదేదో నొక్కుతాడంట, ఒకే తాకా పదిసార్లు ఎక్కిస్తాడంట, పోయిన వారం నువ్వు సెలవులో ఉన్నప్పుడు స్టాకు తేడా వచ్చి అందరి ముందూ తిట్టారంట, అయినా మారలేదంట. రేపటి నుంచి అతన్ని తీసేసి రంగు మిషన్ల మీదికి పంపుతున్నారు, కొత్తవాడు కూర్చుంటాడు, నువ్వు వెళ్లి ఆ కొత్తవాడికి నేర్పించి రా, మన మీద మాట రాలేదు, మంచిదే అయింది. ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. పోయిన వారం మేనమామ కొడుకు పెళ్లికి నవసారి వెళ్లింది, ఫోన్ అమ్మ సంచిలో ఉండిపోయింది, రెండు రోజులు చలాన్లు తీసేయలేదు. మూడో రోజు అతను ఎప్పట్లాగే చేశాడు, అంకెలు చదివాడు. గొంతు తగ్గింది, జలుబా అని అడిగింది, అవునన్నాడు. తిట్టారని చెప్పలేదు. రంగు మిషన్ల దగ్గర పనిచేసినవాళ్లు ఆమెకు తెలుసు, గల్లీలో ఉన్నారు, ఆవిరిలో నిలబడి చేతుల చర్మం లేచినవాళ్లు. ఆమె ఒక గొంతు కోసం దాచుకున్న వరుస అతని చేతుల మీద పడబోతోంది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఊరుకుంటే అన్నీ వాటంతటవే జరుగుతాయి, కొత్తవాడు వస్తాడు, ఆఫీసు మీద మాట రాదు, ఆమె వెళ్లి నేర్పిస్తుంది, నరహరి ఆవిరిలోకి పోతాడు. ఏమీ అనకపోతే ఏమవుతుందో ముందే రాసిపెట్టి ఉంది.

“ధర్మేశ్‌భాయ్, గల్తీ ఉస్కీ నహీఁ హై,” అంది. బస్సులో అందరూ తిరిగారు. ఇంటి గొంతు వచ్చిందని ఆమెకు అప్పుడు తెలిసింది. తగ్గించలేదు. అతను ఏదీ తప్పు నొక్కలేదు, అసలు ఏదీ నొక్కలేదు, నొక్కేది స్కానర్, పంపేది మన ఫారం, ఆపమని రాయనిది నేను అని చెప్పింది. సవరణ సిద్ధంగా ఉందని కూడా చెప్పింది. ఎప్పటి నుంచి అని ఆయన అడిగాడు. దసరా నుంచి అంది. ధర్మేశ్‌భాయ్ గుజరాతీలో తనలో తాను ఏదో అనుకున్నాడు, తర్వాత వ్యాపారి కాబట్టి అడగాల్సింది అడిగాడు. పల్సానా వెళ్లకుండా పంపొచ్చా? పంపొచ్చు. అయితే ఇప్పుడే పంపు, సూపర్‌వైజర్‌కు నేను ఫోన్ చేసి మన తప్పని చెప్తాను, వాడు నన్ను తిడతాడు, ఆ తిట్లు రేపు నీకిస్తాను, అక్కడే దిగి వెనక్కి రా.

సచిన్‌లో దిగింది. చాయ్ బండి పక్కన బల్ల ఖాళీగా ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి ఫోన్‌లోని ఇంటర్నెట్ కలిపింది. ఆ వరుస దసరా నాటిదే, అక్షరం మారలేదు. ఎదురుగా పల్సానా బస్సు నిలబడి ఉంది, డ్రైవర్ దిగి చాయ్ తాగుతున్నాడు. ఎక్కొచ్చు. ఎక్కి వెళ్లి, గోదాం గుమ్మంలో నిలబడి, బల్ల దగ్గరున్న మనిషిని చూసి, ఆ తర్వాత పంపొచ్చు. అరగంట ఆలస్యమైతే ఏమవుతుంది? ఈ అరగంటలో ఒక టెంపో వస్తే, పేజీ ఇంకోసారి ఎగిరిపోతే, సూపర్‌వైజర్ వెనకే నిలబడి ఉంటే? ఆమె పంపింది. తెర మీద ఒక గీత నిండుతూ వెళ్లి నిండిపోయింది. అంతే. ఎక్కడా చప్పుడు కాలేదు. పల్సానా డ్రైవర్ గ్లాసు పెట్టి బస్సెక్కాడు, బస్సు వెళ్లింది, ఆమె దాని వెనక రాసిన అక్షరాలు చదవలేనంత దూరం పోయేదాకా చూసింది. తర్వాత చాయ్ అడిగింది, తెచ్చాక తాగలేదు. గోదాంలో ఇప్పుడు అతను స్కానర్ ఎత్తుతుంటాడు. ఒక తాకా. పేజీ అక్కడే ఉంటుంది. రెండోది. ఇక ఎవరికీ చదివి వినిపించనక్కర్లేదు. రేపు మొగులైతే ఆ సంగతి గోదాంలోనే ఉండిపోతుంది.

ఫోన్ మోగింది. అతనే.

“మేడం, ఎగురుతలేదు.”

ఆమె చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

“గాడనే కూసున్నది పేజీ. ఇనుండ్రి.” స్కానర్ చప్పుడు, సన్నగా, ఒకసారి. తర్వాత ఇంకోసారి. ఇంకోసారి. అతను అంకెలు చదవలేదు, చప్పుళ్లు వినిపించాడు, టెంపో తాకాలన్నీ అయ్యేదాకా. మధ్యలో ఆమె ఊఁ అంది, అనాల్సిన అవసరం లేకపోయినా. “అయినయి. సూపర్‌వైజర్ ఇప్పుడే వచ్చి, నీ తప్పేం లేదంట, గీడనే ఉండు అన్నడు. నాకైతే నవ్వొచ్చింది. నా తప్పు లేదని నాకు తెల్వదా?” స్కానర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. “మంచిగ జేసిండ్రు. మరి ఇగ మీకు ఫోన్ జేసే పని లేనట్టే గదా.”

ఇక్కడ అవును అంటే సరిపోతుంది. అవును, ఉంటాను అని పెట్టేస్తే అతను మేడం మంచిది అని గుర్తుపెట్టుకుంటాడు. సచిన్ చౌరస్తాలో లారీ హారన్ కొట్టింది. అది పోయేదాకా ఆగింది.

“నరహరీ, ఇది నాకు దసరాకే తెలుసు.”

“ఏంది?”

“పేజీ ఎందుకు ఎగురుతుందో. సరిచేసేది అప్పుడే రాసిన. నిన్ను తిట్టింది నా వల్లనే.”

దూరంగా గోదాం తలుపు చక్రాల మీద జరిగిన చప్పుడు వినబడింది.

“మరి గిన్ని దినాలు ఎందుకు పెట్టలే?” మెల్లగానే అడిగాడు. కోపం ఉందో లేదో ఆ మెల్లతనంలో ఆమెకు తెలియలేదు.

“పెడితే నువ్వు ఫోన్ చేయవని.”

చెప్పేసింది. చుట్టూ ఆటోలు, చాయ్ బండి మీద పాలు పొంగుతున్నాయి, ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. అటు నుంచి ఊపిరి వినబడింది, లేదా అది బట్ట కదిలిన చప్పుడు. గోదాంలో ఇంకో టెంపో వచ్చి నిలబడిందని ఎవరో గట్టిగా పిలిచారు, అరే నరహరీ, టెంపో ఖడా హై, జల్దీ కర్. సూపర్‌వైజర్ గొంతే అయి ఉండాలి. అతను ఇప్పుడు ‘ఆయా సాబ్’ అని లేస్తాడు, ఫోన్ పెట్టేస్తాడు. ఆమె కళ్లు మూసుకుంది.

“రుకో సాబ్,” అన్నాడు నరహరి, ఫోన్ పెట్టకుండానే, “బాత్ చల్ రహీ హై.”